క్రోధిలో పోయిన కన్ను

ఆష్‌బర్న్, వర్జీనియా
12 ఆగస్టు 2024

ఛాయత్తకి,

నమస్కారాలతో మొదలుపెడితే "ఏం పని పడిందే" అంటావు. కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను, పని పడే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. కానీ నీతో మాట్లాడుతూ ల్యాప్‌టాప్ టకటకలాడిస్తానని నా మీద కోపం తెచ్చుకుని, ఇక ఉత్తరం రాస్తేనే జవాబు అన్నావుగా. పెన్ను పట్టుకుని ఎన్నాళ్ళయిందో, అప్పుడే వేళ్ళు లాగేస్తున్నాయి.

వచ్చే ఏడు మా తెలుగు సంఘానికి పాతికేళ్ళు. సావనీర్ వేస్తున్నారు. అందరూ వంటలూ పిల్లల డాన్సులూ రాస్తుంటే నేను సినిమాల మీద రాస్తానన్నాను. 1964లో మద్రాసులో వరసపెట్టి తీసిన జానపదాలు, ఆ కత్తియుద్ధాలు, మాంత్రికులు, మాయల గుహలు. ఆ ఏడాది నువ్వు హీరోయిన్‌కి డూప్‌గా గుర్రమెక్కేదానివని నాన్న చెప్పేవాడు. చెప్పి, "మీ మావయ్య వినకూడదు" అని నవ్వేవాడు. నాన్న పోయాక ఆ కబుర్లు చెప్పేవాళ్ళు నువ్వు తప్ప ఎవరూ లేరు.

ఆ ఏడాది గురించి ఏం గుర్తుంటే అది రాయి అత్తా. చిన్నవీ పెద్దవీ అన్నీ కావాలి. నాన్న "గుర్రం సినిమా" అనేవాడే, దాని గురించి మరీ ముఖ్యంగా. హైదరాబాద్‌లో పాత ప్రింట్లు పోగేసే ఒకాయనకి మెయిల్ పెట్టాను, ఆయన దగ్గర ఉండొచ్చట.

నా ఆఫీస్ మామూలే. వీసా ఎక్స్‌టెన్షన్ వేశారు, ఎదురుచూస్తున్నా.

నీ మేనకోడలు,
రాగిణి

---

అరోరా
క్రోధి, శ్రావణ బహుళ తదియ

రాగీ,

నీ అక్షరాలు కోళ్ళు గీరినట్టున్నాయి. అయినా మూడుసార్లు చదివాను.

మీ 1964 నాకు తెలీదు తల్లీ. నాకు అంకెలు గుర్తుండవు, పేర్లు గుర్తుంటాయి. మాకది క్రోధి. మా నాన్న, అదే మీ తాత, గుర్రం పుట్టినా మనిషి పోయినా ఫలానా నామ సంవత్సరం, ఫలానా మాసం అనే చెప్పేవాడు. నాకూ అదే అబ్బింది. అమెరికా వచ్చి ఇన్నేళ్ళయినా పంచాంగం చూడందే కాఫీ దిగదు.

ఆ ఏడు కోడంబాకం స్టూడియోల్లో ఏ ఫ్లోరు తలుపు తోసినా లోపల రాజకోటే. ఇక్కడో మాంత్రికుడు, పక్క ఫ్లోరులో ఇంకో మాంత్రికుడు. గడ్డం మాత్రం ఇద్దరికీ ఒకటే, అటూ ఇటూ మోసుకుపోయేవాళ్ళు. పులికి పళ్ళు ఊడిపోయాయి, అది ఆవలిస్తే ఎడిటింగులో గర్జన పెట్టేవాళ్ళు. మా నాన్న స్టూడియోలకి గుర్రాలు అద్దెకిచ్చేవాడు. హీరోయిన్ గారికి గుర్రమంటే వణుకు. నేనేమో వాటి కాళ్ళ మధ్య పెరిగినదాన్ని. ఆవిడ నగలూ జరీ నాకు కట్టి ఎక్కించేవాళ్ళు. వెనక నుంచి చూస్తే నేనే రాకుమారిని. మొహం తిప్పానంటే మాత్రం తిట్లే. పేరు పెట్టినప్పుడే మా నాన్న నా నుదుటి రాత రాసేశాడు, ఛాయ అని.

గుర్రం సినిమాలో ఒక్కచోట నా మొహం పడింది. రాకుమారి మగవేషంలో, ముసుగు కట్టుకుని ఏటి ఒడ్డున పారిపోతుంది. గాలికి ముసుగు జారింది. తల తిప్పుకోవాలి, తిప్పుకోలేదు. ఫిల్ము అక్కడితో అయిపోయింది, మళ్ళీ తీయడానికి లేదు. దూరంగా ఉందిలే, ఎవరు పోలుస్తారు అని ఉంచేశారు. నేను చూడలేదు. అది విడుదలయ్యేసరికి రాజమండ్రిలో కొత్త కోడల్ని. అత్తవారింట గుర్రాల మాటెత్తితే తలుపులు వేసేవాళ్ళు. ఆడింది రెండు వారాలు, ఆ తర్వాత దాని జాడే లేదు. మీ మావయ్యతో కాపురం అంతా అయ్యాక, ఇప్పుడు నాకున్న కోరిక ఇదొక్కటే. ఆ మొహాన్ని ఒకసారి చూసుకోవాలి. ఒక్కదాన్నే చూడను, సిగ్గేస్తుంది. నువ్వు పక్కన కూర్చోవాలి.

షూటింగులో ఆర్కు లైట్ల సంగతి చెప్పడం మరిచాను. కళ్ళల్లో కారం కొట్టినట్టుండేవి, రాత్రిళ్ళు చల్ల గుడ్డ వేసుకుని పడుకునేవాళ్ళం. కళ్ళంటే గుర్తొచ్చింది. క్రోధి వచ్చీ రాగానే నా ఎడమ కంటికి దీపం చుట్టూ రంగుల వలయాలు కనపడ్డం మొదలైంది. ఎవరికీ చెప్పుకోలేదు. నీకే మొదట చెప్పడం.

దొరికితే పట్టుకుని రా. నీకిష్టమని కందిపొడి కొట్టి ఉంచాను.

ఛాయత్త

---

ఆష్‌బర్న్
21 సెప్టెంబరు 2024

అత్తా, అత్తా, అత్తా,

దొరికింది. గుర్రం సినిమా దొరికింది. హైదరాబాద్ ఆయన నిన్న ఫైల్ పంపాడు. మొదటి రీలు అంతా గీతలు, మిగతాది శుభ్రంగా ఉంది. నేనింకా చూడలేదు. నిజంగా. నువ్వు పక్కన లేకుండా చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

నీ ఉత్తరం మా సావనీర్ ఎడిటర్ శ్రీవిద్య గారికి చదివి వినిపించాను. గడ్డం దగ్గర ఆవిడ పడీ పడీ నవ్వారు. ఆ కంటి సంగతి మాత్రం అద్భుతం అత్తా. దీపం చుట్టూ రంగుల వలయాలు. వ్యాసం దాంతోనే మొదలుపెడతాను, అంతకంటే మంచి ఎత్తుగడ దొరకదు. తర్వాత ఏమైంది ఆ కన్ను? వివరంగా రాయి, ఒక్క ముక్క వదలకు.

ఉత్తరం పైన కూడా క్రోధి అని వేశావు చూడు, ఆ ఏడాదిలో కూర్చుని రాస్తున్నట్టు భలే ఉంది. అలాగే రాయి.

దీపావళికి వస్తాను. లాంగ్ వీకెండ్ చూసి ఫ్లైట్ బుక్ చేస్తాను.

నీ రాగి

---

అరోరా
క్రోధి, ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

రాగిణికి,

అద్భుతమా? సరేలే. మీ కాలం పిల్లలకి అన్నీ అద్భుతాలే, పిడుగు పడినా ఫోటో తీస్తారు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. క్రోధి భాద్రపదంలో, చవితి వెళ్ళాక, ఒక పొద్దున లేచేసరికి ఎడమపక్క ఏమీ లేదు. చీకటి కూడా కాదు, ఏమీ లేదు. కాఫీ గ్లాసు అక్కడుందని తెలీక మోచేత్తో తోసేశాను. నీటికాసులన్నాడు డాక్టరు. ఆలస్యంగా వచ్చావు, ఎడమది ఇక రాదు అన్నాడు. కుడిదానికి కూడా పాకింది, చుక్కలు వేసి ఉగాది దాకా లాక్కొస్తాను, ఆపైన నా చేతుల్లో లేదు అన్నాడు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఒక కన్ను పోయినా ఏడుపు రెండు కళ్ళకీ వస్తుందని అప్పుడే తెలిసింది.

ఇంతకంటే విప్పి చెప్పలేను. నువ్వు తెలివైనదానివి.

ఇవాళ గుడి నుంచి వస్తూ ఉమామహేశ్వరి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. మా బిల్డింగులోనే పై అంతస్తు ఆవిడది, తెనాలి మనిషి. కబుర్లు పోగేస్తుంది గాని మనసు వెన్న. నీ గురించి చెప్పాను, మా తమ్ముడి కూతురు సినిమా తెస్తోందని. ఆవిడా చూస్తానంది. వద్దన్నాను. ముందు నేనూ నువ్వూ.

దీపావళికి తప్పకుండా రా.

ఛాయత్త

---

ఆష్‌బర్న్
20 నవంబరు 2024

ప్రియమైన అత్తా,

తిట్టు. ఎంత తిడతావో తిట్టు. దీపావళికి రాలేకపోయాను, కనీసం అప్పుడే రెండు ముక్కలు రాయాల్సింది. నా ఎక్స్‌టెన్షన్ మీద ఇంకా పేపర్లు కావాలని నోటీస్ వచ్చింది. క్లయింట్ లెటర్ కోసం మేనేజర్ చుట్టూ తిరుగుతూ, మళ్ళీ ఆయన్నే లీవ్ అడగడానికి నోరు రాలేదు. నెలంతా అలా గడిచిపోయింది.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఎన్నిసార్లు మీ ఇంటికొచ్చాను, నీ చేతి ముద్దలు తిన్నాను, నీ ఎడమ కంటికి చూపు లేదని నాకెప్పుడూ తెలియనే తెలియదు. నాన్న కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళు ఎలా దాచావు? పద్దెనిమిదేళ్ళ పిల్లకి అంత కష్టమా? పోనీలే, కుడి కన్ను దక్కింది, అదే పదివేలు. ఆ డాక్టరు ఎవరోగాని గొప్పవాడు. నీటికాసులంటే ఏమిటో నాకు తెలీదు, అవి కత్తియుద్ధంలో దెబ్బ తగిలి వచ్చాయా, లైట్ల వల్లా అన్నది నువ్వు రాయలేదు. నేను కత్తి అని రాశాను, చదివేవాళ్ళకి బాగా తగులుతుంది. వ్యాసం పేరు "క్రోధిలో పోయిన కన్ను". శ్రీవిద్య గారు కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు అసలు కబురు. కమిటీ వాళ్ళతో మాట్లాడాను. ఉగాది సంబరాలకి ఇక్కడ హైస్కూల్ ఆడిటోరియం తీసుకున్నారు. అక్కడ పెద్ద తెర మీద గుర్రం సినిమా వేస్తాం. నువ్వు మొదటి వరసలో కూర్చుంటావు. ముసుగు జారగానే సినిమా ఆపి లైట్లు వేసి నిన్ను స్టేజి మీదకి పిలుస్తాం. జీవితమంతా వెనక నుంచి కనపడ్డదానివి, ఈసారి ముందు నిలబడతావు. అందుకే ఇప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చి చూపించను. ముందే చూసేస్తే ఆ ఆనందం పోతుంది. ఉగాది దాకా ఓపిక పట్టు.

ప్రేమతో,
రాగి

---

అరోరా
క్రోధి, పుష్య శుద్ధ సప్తమి

రాగిణీ,

నీ ఉత్తరం భూతద్దం పెట్టుకుని చదివాను. సగం ఒక రోజు, సగం ఇంకో రోజు. "అదే పదివేలు" అన్నచోట ఆగాను. సరే. పదివేలే అనుకుందాం.

నాకు పెద్ద తెర వద్దు. స్టేజి వద్దు, శాలువా వద్దు. నీ ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరు చాలు. నీకు నా కష్టం కథలోకి పనికొచ్చింది, సంతోషం. నాకు పనికొచ్చేది ఒక్కటడిగాను. అది ఉగాది దాకా ఓపిక పట్టమంటున్నావు. ఓపిక నాకుంది, లేనిది అది కాదు.

ఉగాది లోపల వస్తే సినిమా తీసుకుని రా. తర్వాతైతే నువ్వు రా, సినిమా తేకు.

లైన్లు వంకరపోతే సర్దుకుని చదువుకో.

అత్త

---

ఆష్‌బర్న్
9 ఫిబ్రవరి 2025

అలిగిన అత్తకి,

కోపం నీ చేతిరాతలోనే కనపడింది. లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుంటున్నాయి. చలికి వేళ్ళు బిగుసుకుపోయాయా? అరోరాలో మైనస్‌లో ఉందని చూశాను. హీటర్ పెంచుకో, బిల్లు గురించి ఆలోచించకు.

స్టేజి అంటే భయపడుతున్నావని అర్థమైంది. గుర్రం మీద దూకినదానివి, నలుగురి ముందు నిలబడలేవా? ఉగాది లోపల అన్నావు, సరిగ్గా ఉగాది రోజే చూపిస్తున్నాను, నీ మాట దాటలేదు. నీకూ ఉమామహేశ్వరి గారికీ టికెట్లు బుక్ చేశాను, వీల్‌చెయిర్ కూడా పెట్టించాను. ప్రింట్ చేసి ఇందులో పెట్టాను.

ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయింది. నెత్తిమీద బండ దిగింది. ఇక మార్చి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

ఆకుపచ్చ పట్టుచీర కట్టుకో.

నీ రాగి

---

ఆష్‌బర్న్
31 మార్చి 2025

అత్తా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న మీరిద్దరూ ఎయిర్‌పోర్టులో దిగలేదు. "ఆవిడ రాలేరమ్మా" అని ఉమామహేశ్వరి గారి మెసేజ్ ఒక్కటే ఉంది. నీ మొండితనం అనుకున్నాను. అప్పటికీ నీ మీద విసుక్కున్నాను.

సాయంత్రం పంతులుగారు పంచాంగం చదివారు. నేనెప్పుడూ ఆ టైమ్‌కి వెనకాల పులిహోర ప్లేట్లు సర్దుతూ ఉంటాను, వినను. నిన్న సినిమా వేయాలని ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్నాను. ఆయన అన్నారు, అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే క్రోధి నిన్నటితో వెళ్ళిపోయింది, విశ్వావసు వచ్చింది అని. పక్కనున్న శ్రీవిద్య గారిని అడిగాను, క్రోధి అంటే 1964 కదండీ అని. "అదీ క్రోధే, నిన్నటిదాకా ఉన్నదీ క్రోధే, చక్రం తిరుగుతుందిగా" అన్నారు. సావనీర్ నా ఒళ్ళో ఉంది. పేజీలో నేను పెట్టిన పేరు కనపడుతోంది. అత్తా, నాకు సంవత్సరాలు మళ్ళీ వస్తాయని తెలియదు. నీ ఉత్తరాల పైన నువ్వు వేసినది తేదీ అని తెలియదు. నువ్వు నాకు మొదటిసారి చెప్పుకున్న నీ కష్టాన్ని నేను ఎత్తుగడ అన్నాను.

కారిడార్‌లోకి పరుగెత్తి నీకు ఫోన్ చేశాను. ఉమామహేశ్వరి గారు తీశారు. శివరాత్రి వెళ్ళాక కుడిది కూడా పోయిందని చెప్పారు. నీకు ఫోనివ్వమంటే, "ఉత్తరం రాయమంటోంది, నేను చదివి వినిపిస్తాను" అన్నారు. నువ్వు పక్కనే ఉన్నావని నాకు తెలుసు. నీ దగ్గు వినపడింది.

ఆడిటోరియంలోకి తిరిగొచ్చేసరికి నేను లేకుండానే సినిమా మొదలుపెట్టేశారు, ఏటి ఒడ్డు సీన్ నడుస్తోంది. నేను మొదటిసారి చూడటం. నీ ముసుగు జారింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్నలా ఉన్నావు. అచ్చం నాన్నలా ఉన్నావు అత్తా.

శనివారానికి ఫ్లైట్ బుక్ చేశాను. సినిమా తీసుకొస్తాను. చూడలేకపోయినా వినొచ్చు. నీ పక్కన కూర్చుని ఇప్పుడు ఇది, ఇప్పుడు అది అని ఒక్కొక్కటీ చెబుతాను. గుర్రపు డెక్కలు వినపడతాయి. నన్ను క్షమించమని అడగను, రానివ్వు చాలు.

రాగిణి

---

అరోరా
విశ్వావసు, చైత్ర శుద్ధ దశమి

చిరంజీవి రాగిణికి ఆశీస్సులు. రాస్తున్నది ఉమామహేశ్వరి, చెబుతున్నది మీ అత్త. ఎక్కడా నా మాట కలపొద్దని ముందే గట్టిగా చెప్పింది, కలపడం లేదు.

రాగీ,

మొన్న శనివారం వస్తానన్నావు. ఉమామహేశ్వరి చేత నీకు ఫోన్ చేయించి వద్దన్నది నేనే. ముందు ఇది చదువుకో, తర్వాత రా. ఎదురుగా ఉంటే ఇవన్నీ చెప్పలేను.

కోపం వచ్చింది. లేదని అబద్ధం చెప్పను. పుష్యంలో నీకు ఉత్తరం రాసి పోస్టు డబ్బా దాకా వెళ్ళి, మంచులో నిలబడి, మా తమ్ముడు ఉంటే ఇలా జరిగేదా అనుకున్నాను. నా రక్తం పంచుకున్న పిల్ల నా కన్ను పోయిందంటే మంచి కథ అంటోందని పగలంతా అన్నం ముట్టలేదు. ఇప్పుడు తెలిసింది నీకు ఏడాదుల లెక్క తెలియదని. నీకు నేర్పాల్సినవాళ్ళం మేమే. మీ నాన్న నేర్పలేదు, నేను నేర్పలేదు. విప్పి చెప్పమని నువ్వడిగావు, నేను బిగించుకుని కూర్చున్నాను. ఈ కళ్ళు బాగున్నన్నాళ్ళూ తలబిరుసుతనమే నాది.

నీ ఉత్తరంతో వచ్చిన సావనీర్ ఈవిడ చదివి వినిపించింది. బాగా రాశావు. కన్ను పోయిన మాట నిజం, కత్తి మాటే అబద్ధం. దిద్దించకు. ఎవరికి కావాలి.

నాన్నలా ఉన్నావన్నావు. వాడికి అప్పుడు పదేళ్ళు. వాడే నాలా ఉన్నాడనాలి. అది సరే, నవ్వుతున్నానో భయపడుతున్నానో రాయలేదు నువ్వు. నాకు గుర్తులేదు. తల ఎందుకు తిప్పుకోలేదో కూడా గుర్తులేదు. చూస్తే తెలుస్తుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

వినొచ్చు అన్నావు. ఏం వినను తల్లీ? మాటలు హీరోయిన్ గారివి. పాట ఇంకొకావిడ పాడింది. ఆ డెక్కల చప్పుడు కూడా గుర్రానిది కాదు, తర్వాత ఒకాయన గదిలో కూర్చుని కొబ్బరి చిప్పలు కొట్టి కలిపాడు. నాకు ఒక్క మాట లేదు, ఒక్క కేక లేదు. ఆ సినిమాలో నేను కంటికే ఉన్నాను.

అందుకని సినిమా అక్కడే ఉంచు. నువ్వు రా. ఈ శనివారమే రా. కందిపొడి ఉమామహేశ్వరి చేత కొట్టించాను, ఉప్పు ఎక్కువేసింది, ఏమీ అనకు. తలుపు నేనే తీస్తాను, గొళ్ళెం చేతికి తెలుసు. నన్ను చూసి ఏడవకు. ఏడ్చినా అత్తకి కనపడదులే అనుకుంటావేమో, వినపడుతుంది.

మీ అత్త